రెండు కాలమ్‌లలో పద్యాల పుస్తకం: లిబ్రే ఆఫీస్ రైటర్‌తో నా అనుభవం

పద్యం నాలుగు పాదాలూ ఒక్కచోట ఉండాలి. మూడు పాదాలు ఎడమ కాలమ్ అడుగున ఉండిపోయి, మకుటం ఉన్న నాలుగో పాదం ఒక్కటే కుడి కాలమ్ పైకి పోతే పిల్లలు దాన్ని ఎలా చదువుకుంటారు? మా ఊరి లైబ్రరీ కోసం నూరు శతక పద్యాలు తాత్పర్యాలతో సహా ఏ4 సైజులో వేద్దామని మొదట ఒక డీటీపీ షాపులో ఇచ్చాను. పద్యం విరిగిన ప్రతిచోటా వాళ్లు ఎంటర్లు కొట్టి కిందికి నెట్టారు. చూడ్డానికి బాగానే ఉంది కానీ, ప్రూఫులో మూడో పేజీ తాత్పర్యానికి ఒక్క వాక్యం కలిపేసరికి అక్కడి నుంచి చివరిదాకా అన్నీ జరిగిపోయి, కాలమ్‌ల మధ్యలో ఖాళీలు తేలి, పని మళ్లీ మొదటికొచ్చింది.

అప్పుడు నేనే లిబ్రే ఆఫీస్ రైటర్ అనే, వర్డ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో కూర్చున్నాను. పైసా ఖర్చు లేదు, యూనికోడ్ తెలుగు ఒత్తులతో సహా చక్కగా వస్తుంది, మండలి ఫాంట్ పెట్టాను.

అసలు కీలకమంతా పేరాగ్రాఫ్ సెట్టింగ్స్‌లోని టెక్స్ట్ ఫ్లో ట్యాబ్‌లో ఉంది. ఎఫ్11 నొక్కి స్టైల్స్ తెరిచి ‘పద్యం’, ‘తాత్పర్యం’ అని రెండు పేరా స్టైల్స్, అంటే పేరాల సెట్టింగ్స్‌ని ఒక పేరు కింద దాచుకునేవి, చేసుకున్నాను. పద్యానికి పేరా విరగకూడదని ఒకటి, తర్వాతి పేరాతో కలిసే ఉండాలని ఇంకొకటి, రెండు ఆప్షన్లు పెట్టాను. పాదాల మధ్య ఎంటర్ కొట్టొద్దు, షిఫ్ట్ ఎంటర్ కొట్టాలి, అప్పుడే నాలుగు పాదాలూ కలిపి ఒకే పేరా అవుతాయి. అలైన్‌మెంట్ కూడా ఎడమవైపే ఉంచండి, జస్టిఫై పెడితే పాదాల్లో మాటలు ఎడంగా సాగిపోతాయి. తాత్పర్యం మాత్రం పొడుగ్గా ఉంటుంది కాబట్టి విరగనిచ్చాను, కానీ ఆర్ఫన్, విడో రెండూ 2 లైన్లు పెట్టాను, అంటే కాలమ్ చివర గానీ కొత్త కాలమ్ మొదట్లో గానీ ఒంటరి లైను మిగలదు.

ఒక్కటి ముందే చెప్పాలి. విరగని పేరా పట్టనప్పుడు మొత్తంగా పక్క కాలమ్‌కి వెళ్తుంది, దాంతో ఎడమ కాలమ్ అడుగున ఖాళీ వస్తుంది. నాలుగు లైన్ల పద్యానికి అది కంటికి ఆనదు, పెద్ద పెద్ద పేరాలకి ఈ ఆప్షన్ పెడితే మాత్రం పేజీ బోసిగా కనిపిస్తుంది. తర్వాతి పేరాతో కలిపి ఉంచడం కూడా అన్నిటికీ పెట్టేస్తే అర్థం ఉండదు.

కొత్త విభాగం కచ్చితంగా పక్క కాలమ్‌లోనే మొదలవ్వాలంటే కంట్రోల్ షిఫ్ట్ ఎంటర్ కొడితే చాలు. ఇంకో సంగతి, కాలమ్‌లు పేజీ స్టైల్‌లో, అంటే మొత్తం పేజీ సెట్టింగ్స్‌లో పెడితే ఆఖరి పేజీలో ఎడమవైపు నిండాకే కుడివైపుకి వెళ్తుంది. రెండూ సమానంగా రావాలంటే మ్యాటర్‌ని ఒక సెక్షన్‌గా, అంటే విడి సెట్టింగ్స్ ఉండే భాగంగా చేసి, దానికే కాలమ్‌లు ఇచ్చి, సమానంగా పంచే ఆప్షన్ టిక్ చేయాలి. ఇది తెలిసేదాకా ఆ చివరి పేజీ నన్ను ఒక పూట టెన్షన్ పెట్టింది.

పద్యాలు, పాఠాలు, సావనీర్లు వేసేవాళ్లకి గట్టిగా చెబుతున్నాను, వాడి చూడండి. రెండో ప్రూఫులో పదకొండు చోట్ల మార్పులు చేశాం, ఒక్క పద్యం కూడా విరగలేదు.