జాగ్రత్త: ఎత్తు చూసి పికప్ కొన్నాను, తడి గడ్డిలో దిగబడిపోయింది

పికప్ కొనాలని చూస్తున్నవాళ్ళు, అందులోనూ పాత బండి కోసం తిరుగుతున్నవాళ్ళు, అడ్వాన్సు చేతిలో పెట్టే ముందు ఇది చదవండి. నేను ఎత్తు చూసి మోసపోయాను. బండి పక్కన ‘ఆఫ్ రోడ్’ అని పెద్ద స్టిక్కరు, వెడల్పాటి టైర్లు, కింద పిల్లాడు దూరిపోయేంత ఖాళీ. నాలుగు చక్రాలకీ పవర్ వెళ్తుందా అని అడగాలన్న ఆలోచనే రాలేదు. అమ్మినాయన “ఇది ఎక్కడికైనా పోతుంది సార్, కళ్ళు మూసుకుని తీసుకోండి” అన్నాడు. నేను కళ్ళు మూసుకునే తీసుకున్నాను.

చాలా పికప్ మోడళ్ళు రెండు రకాలుగా వస్తాయి. ఒకదానికి వెనక రెండు చక్రాలే తోస్తాయి (4×2 అంటారు), ఇంకోదానికి నాలుగూ లాగుతాయి (4×4). బాడీ ఒకటే, కొన్నిట్లో ఎత్తు కూడా ఒకటే. స్టిక్కరుదేముంది, ఎవరైనా అంటిస్తారు.

ఇక జరిగింది చెప్తాను. ఒక స్నేహితుడి స్థలంలో ఇటుకలు దింపాలి. గడ్డి మొలిచిన చదును నేల, రోడ్డు వైపు కొంచెం ఎగువ. ముందురోజు వాన పడింది గానీ పైన అంతా ఆరినట్టే కనిపించింది. నిండు లోడుతో బండి చక్కగా లోపలికెళ్ళింది, ఎక్కడా జారలేదు. ఇద్దరం చెమటలు కక్కుతూ ఇటుకలన్నీ దింపేశాం. ఇప్పుడు ఖాళీ బండే కదా, దూదిపింజలా పోతుందనుకుని స్టార్ట్ చేశాను. జానెడు కదిలి ఆగిపోయింది.

లోడుతో వచ్చిన బండి ఖాళీగా ఎందుకు పోదు? ఆ క్షణంలో నాకు బుర్ర తిరిగిపోయింది. తర్వాత ఆలోచిస్తే చాలా మామూలు సంగతి. పికప్‌లో ఇంజను, గేర్‌బాక్సు, క్యాబిన్, మనుషులు అన్నీ ముందు వైపే. వెనక ఉన్నది ఉత్త రేకు తొట్టి. ఖాళీగా ఉన్నప్పుడు బరువులో దాదాపు 60 శాతం ముందు చక్రాల మీదే ఉంటుంది, తోసే పనేమో వెనక చక్రాలది. ఇటుకలు ఉన్నంతసేపు వెనక టైర్లను నేలకి అదిమి పట్టాయి. ఇటుకలతో పాటు ఆ పట్టు కూడా దింపేసుకున్నాం. ఇలాంటి చోట ముందు చక్రాలతో నడిచే చిన్న కారే నయం. దాని ఇంజను బరువంతా లాగే చక్రాల మీదే కూర్చుంటుంది కదా. అలాగని లోడుంటే దిగబడదనుకోకండి. నేల మరీ మెత్తనైతే ఆ బరువే బండిని లోపలికి దించేస్తుంది. మేం ఇటుకలు దింపుతున్నంతసేపూ టైర్ల కింద మట్టి మెల్లగా కుంగుతూనే ఉందట, మాకేం తెలుసు.

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. నేను యాక్సిలరేటర్ తొక్కాను. స్నేహితుడు వెనక నిలబడి తోస్తున్నాడు. కుడి వెనక చక్రం గిర్రున తిరుగుతోంది, ఎడమది ఉలుకూ పలుకూ లేకుండా అలాగే ఉంది. “ఒరేయ్, ఆపరా!” అని అరుపు వినపడి దిగి చూస్తే మోకాళ్ళ నుంచి కళ్ళజోడు దాకా వాడు మొత్తం బురదే. ముందు టైర్ల గాట్లలో నాలుగు గడ్డిపరకలు తప్ప మట్టి అంటలేదు. కుడి వెనక టైరు గాట్లు మాత్రం పూర్తిగా పూడిపోయి, చక్రం మొత్తం నున్నటి మట్టిముద్దలా తయారైంది. దాని కింద గుంత, గుంతలో నీళ్ళు ఊరుతున్నాయి. వెనక ఇరుసు మధ్యలో గుండులా ఉండే డిఫరెన్షియల్ హౌసింగ్, అంటే ఇంజను బలాన్ని రెండు చక్రాలకీ పంచే గేర్లుండే పెట్టె, అప్పటికే గడ్డికి ఆనుకుంది.

ఎత్తు గురించి నాకు జ్ఞానోదయం అయింది ఈ గుండు దగ్గరే. బాడీని ఎంత లేపినా ఆ ఇరుసు చక్రాల మధ్యే ఉంటుంది. అది నేల నుంచి ఎంత ఎత్తులో ఉండాలో నిర్ణయించేది టైరు సైజు. మనం మురిసిపోయే ఎత్తంతా దాని పైనే.

రెండో చక్రం ఎందుకు కదలదంటే, మామూలు డిఫరెన్షియల్ రెండు వైపులకీ సమానమైన బలమే పంచుతుంది. ఒక చక్రం పట్టు తప్పి ఊరికే తిరగడానికి ఎంత కొంచెం బలం చాలో, గట్టి నేల మీదున్న రెండో చక్రానికీ అంతే అందుతుంది. ఇంజను ఎంత అరిచినా లాభం లేదు. పైగా ఒక చక్రం నిలబడిపోతే రెండోది మీటరు చూపించే వేగానికి రెట్టింపు తిరుగుతుంది. మీటర్లో 50 కనిపిస్తే ఆ టైరు 100 మీద ఉన్నట్టు. ఇలా ఇరుక్కున్నప్పుడు మీటరు 55 కిలోమీటర్లు దాటనివ్వొద్దని, టైరు పేలే ప్రమాదం ఉందని చాలా బండ్ల మాన్యువల్లోనే రాసి ఉంటుంది. నేను అది చదివింది ఇంటికొచ్చాక. నా స్నేహితుడు సరిగ్గా ఆ టైరు వెనకే నిలబడ్డాడు.

తర్వాత ఫ్లోర్ మ్యాట్ వేశాం. టైరు దాన్ని ఒక్క గుటకలో మింగి వెనక్కి విసిరికొట్టింది, పది అడుగుల అవతల పడింది. ఈసారి వెనక ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఇంతలో ఒక పెద్దాయన తన బండి ఆపి, తాడు తెచ్చి, వెనక ట్రైలర్ తగిలించే గుండుకి కడదామన్నాడు. మంచి మనసే గానీ ఆ పని మాత్రం ఎప్పుడూ చేయనివ్వకండి. జెర్కుకి ఆ గుండు విరిగితే ఫిరంగి గుండులాగే వస్తుంది, మనుషులు చచ్చిపోయిన సందర్భాలున్నాయి. తాడు కడితే ఛాసిస్‌కి కంపెనీ ఇచ్చిన కొక్కేనికే కట్టాలి, లాగేటప్పుడు తాడు దరిదాపుల్లో ఎవరూ ఉండకూడదు.

చివరికి బండి బయటపడింది ఎలాగో చెప్తే నవ్వుతారు. దింపిన ఇటుకల్లో సగం మళ్ళీ ఎక్కించాం. క్యాబిన్ వైపు కాకుండా సరిగ్గా వెనక ఇరుసు మీదికి వచ్చేలా పేర్చాం. పారతో హౌసింగ్ కింద మట్టి తీసేసి, టైరు ముందు గుంత అంచుని ఏటవాలుగా చెక్కాం. వెనక టైర్లలో గాలి 35 నుంచి 20 పీఎస్‌ఐకి దించాం. గాలి తగ్గితే టైరు నేల మీద పొడవుగా పరుచుకుంటుంది, పట్టు పెరుగుతుంది. టైర్ల ముందు చెక్క పలకలు దూర్చాం. ట్రాక్షన్ కంట్రోల్ ఆపేశాను, చక్రం జారినప్పుడల్లా అది ఇంజను నోరు నొక్కేస్తోంది. స్టీరింగ్ తిన్నగా పెట్టి, రెండో గేరులో క్లచ్ మెల్లగా వదిలితే పాములా పాకుతూ రోడ్డెక్కింది. ఆ సగం ఇటుకలు రోడ్డు మీద దింపి, చేతులతో మోసుకుంటూ మళ్ళీ లోపలికి చేర్చాం. మా వాడు నాతో ఆ రోజంతా మాట్లాడలేదు. గాలి తగ్గించాక రోడ్డు మీద వేగంగా పోకూడదు, పంపు దగ్గర లేకపోతే నత్తలా నడపాలి. మర్నాడు బండి గడగడ వణుకుతుంటే భయపడ్డాను గానీ చక్రం లోపలి అంచుకి ఎండిపోయిన మట్టి అది, గీకేస్తే పోయింది.

ఇప్పుడు కొనేవాళ్ళ సంగతి. అమ్మేవాడి మాట పక్కన పెట్టి కింద దూరి చూడండి. ముందు చక్రాల మధ్య కూడా ఒక డిఫరెన్షియల్ కనిపించాలి, చాలా బండ్లలో దాన్నుంచి రెండు వైపులకీ రబ్బరు తొడుగులున్న షాఫ్టులు కూడా ఉంటాయి. ఆ డిఫరెన్షియలే లేకపోతే అది వెనక చక్రాల బండి, వాదన అనవసరం. క్యాబిన్‌లో 2హెచ్ (రెండు చక్రాలు), 4హెచ్ (నాలుగు చక్రాలు), 4ఎల్ (నాలుగు చక్రాలు, తక్కువ వేగం ఎక్కువ బలం) అని నాబ్‌గానీ చిన్న లివర్‌గానీ ఉందేమో చూడండి. ఉంటే తిప్పించి, నడిపించి చూడండి. ఎన్నో ఏళ్ళుగా వాడక బిగుసుకుపోయినవి కూడా ఉంటాయి.

వెనక చక్రాల బండే తీసుకుంటుంటే ఇంకో పరీక్ష. ముందు చక్రాలకి అడ్డాలు పెట్టి, వెనక రెండు చక్రాలూ లేపి స్టాండ్ల మీద నిలపమనండి. గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్ వదిలేసి ఉండాలి. ఒక చక్రాన్ని చేత్తో తిప్పండి. రెండోది ఎదురు దిక్కున తిరిగితే మామూలు డిఫరెన్షియల్, అంటే నా బండిలాంటిదే. రెండూ ఒకే దిక్కున తిరిగితే లిమిటెడ్ స్లిప్‌గానీ లాకర్‌గానీ, అంటే ఒక చక్రం జారినా రెండోదానికి బలం అందించే ఏర్పాటు ఉన్నట్టు, మెత్తటి నేలలో అది ఎంతో మేలు. టైర్ల వెడల్పు చూసి సంతోషపడకండి, గాట్లు చూడండి. నావి రోడ్డు టైర్లు, బురద పట్టుకున్నాక వదిలే రకం కాదు.

వెనక చక్రాల బండి పనికిరాదని నేననను. ఎప్పుడూ రోడ్డు మీదే తిరిగేవాళ్ళకి అదే తేలిక, బండిలో విడిభాగాలూ రిపేర్లూ తక్కువ. నేనిప్పటికీ దాన్నే నడుపుతున్నాను. వెనక ఇరుసు మీద కదలకుండా కట్టిన ఇసుక బస్తాలు, ఒక పార, రెండు పలకలు, గాలి పంపు ఎప్పుడూ ఉంటాయి. గడ్డి కనపడితే ముందు దిగి నడుస్తాను. మడమ గట్టిగా తొక్కి చూస్తాను. ఆ గుంటలో నీరు ఊరితే బండి రోడ్డు మీదే, సామాను నెత్తి మీద.

అమ్మినాయనకి ఫోన్ చేసి గట్టిగానే అడిగాను. “ఫోర్ వీల్ డ్రైవ్ అని నేను ఎప్పుడన్నాను సార్, మీరు అడగలేదు కదా” అన్నాడు. కాగితాలు తీసి చూశాను. మోడల్ పేరు పక్కనే 4×2 అని ఉంది, కింద నా సంతకం.