టోక్యోలో కాపురం: బరంపురం నుంచి వెళ్ళిన మా ఇంటి అనుభవం

మా బంధువుల పిల్లల్లో ఎవరికి జపాన్‌లో ఉద్యోగం వచ్చినా ఒడిశాలోని బరంపురంలో మా అమ్మకి ఫోన్ వస్తుంది. "మీ అమ్మాయి అక్కడే ఉంటోంది కదా, ఎలా ఉంటుందో ఒకసారి కనుక్కో వదినా" అని. అందరికీ పనికొస్తుందని ఒకచోట రాస్తున్నాను. పర్లాకిమిడి, ఛత్రపురం, గుణుపురం వైపు నుంచి బయల్దేరే మన పిల్లలు కూడా చూసుకోవచ్చు. మేం 2016లో వెళ్ళాం. అప్పటి నుంచి టోక్యోలో ఎదొగావా వార్డులోనే, నిషికసాయ్ స్టేషన్ దగ్గర ఉంటున్నాం. మా ఆయనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పాప అక్కడి ప్రభుత్వ బడిలో చదివింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఊరు మంచిది, నమ్మి పిల్లల్ని పెంచుకోవచ్చు. భాష నేర్చుకునే ఓపిక ఉన్నవాళ్ళు హాయిగా బతుకుతారు. అమ్మానాన్నల్ని తెచ్చి దగ్గర పెట్టుకోవాలనుకునేవాళ్ళకి మాత్రం సరిపడదు.

నిషికసాయ్‌లో మనవాళ్ళు ఎక్కువ. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లలో తేదీలు తారుమారవుతాయన్న భయంతో కంపెనీలు మన దేశం నుంచి ఇంజనీర్లని రప్పించుకున్నాయి. ఓతెమాచి ఆఫీసులకి తోజాయ్ లైన్‌లో నేరుగా వెళ్ళొచ్చని చాలామంది అక్కడ దిగారు. తర్వాత పప్పులూ మసాలాలూ అమ్మే కొట్లు, ఇండియన్ స్కూలు, దీపావళి మేళా అన్నీ వచ్చాయి. దగ్గర్లోనే ఫునాబొరిలో ఇస్కాన్ గుడి కూడా ఉంది. మన ఎంబసీ ఉండే కుదాన్‌షితా కూడా అదే రైలు దారిలో వస్తుంది, పాస్‌పోర్టు పనులకి అది పెద్ద సుఖం. రైలు మాత్రం పొద్దున్న పూట కిక్కిరిసిపోతుంది. జపాన్ మొత్తంలో బాగా రద్దీగా ఉండే లైన్లలో ఇదొకటి.

ఇల్లు వెతకడమే మొదటి పరీక్ష. ప్రైవేటు ఇళ్ళకి అడ్వాన్సు, ఏజెంటు ఫీజు, పూచీకత్తు కంపెనీ ఫీజుతో పాటు ఓనరుకి కృతజ్ఞతగా ఇచ్చే సొమ్ము ఒకటి అడుగుతారు. అది తిరిగి రాదు. విదేశీయులని తెలిసి ఫోన్‌లోనే వద్దనేవాళ్ళూ ఉన్నారు, మాకూ అలా జరిగింది, మనసు చివుక్కుమంటుంది. కుటుంబంతో వెళ్ళేవాళ్ళు యూఆర్ అనే ప్రభుత్వ సంస్థ ఫ్లాట్లు ముందు చూడండి. వాళ్ళకి ఆ కృతజ్ఞత సొమ్ము అక్కర్లేదు, ఏజెంటు ఫీజు లేదు, పూచీ ఇచ్చే మనిషి అక్కర్లేదు. రెండు నెలల అద్దె అడ్వాన్సు కడితే చాలు. ఏ ఇల్లయినా 1981 జూన్‌లో వచ్చిన భూకంప నిబంధనల ప్రకారం కట్టిందేనా అని తప్పకుండా అడగండి. అద్దె కాస్త ఎక్కువైనా ఆ విషయంలో రాజీపడొద్దు.

దిగిన రోజే విమానాశ్రయంలో రెసిడెన్స్ కార్డు చేతికిస్తారు. ఇల్లు కుదిరాక 14 రోజుల్లోపు వార్డు ఆఫీసులో అడ్రసు నమోదు చేయించాలి. ఆరోగ్య బీమా, పింఛను, పిల్లల బడి అన్నిటికీ ఆ నమోదే మూలం. డాక్టరు ఖర్చులో 30 శాతం మనం కట్టుకోవాలి, మిగతాది బీమా చూసుకుంటుంది. పిల్లలకి అదీ లేదు. టోక్యో వార్డుల్లో 2023 ఏప్రిల్ నుంచి హైస్కూలు వయసు దాకా వైద్యం ఉచితం. జ్వరం వచ్చిన బిడ్డని ఎత్తుకుని క్లినిక్‌కి వెళ్ళి, పైసా కట్టకుండా మందులతో తిరిగొచ్చిన తల్లిగా ఆ ఏర్పాటుకి ఎప్పటికీ రుణపడి ఉంటాను.

ఇక వంటిల్లు. అక్కడ కరెంటు 100 వోల్టులు. ఇక్కడి మిక్సీ మోసుకెళ్తే నీరసంగా తిరుగుతుంది, అల్లం కూడా నలగదు. అమెరికా వెళ్ళేవాళ్ళ కోసం చేసే 110 వోల్టుల మిక్సీ కొనుక్కోండి, ఇడ్లీ పిండికి అది చాలు. కుక్కర్ తెచ్చుకోవచ్చు, కానీ ఇంట్లో గ్యాస్ పొయ్యా ఇండక్షనా ముందు తెలుసుకోండి. బెండకాయ, వంకాయ, ముల్లంగి, చేమదుంప, గుమ్మడి మామూలు సూపర్‌మార్కెట్లోనే దొరుకుతాయి. కరివేపాకు కుండీలో పెంచుతున్నాను. చలికాలంలో ఆకంతా రాల్చేస్తుంది, ఏప్రిల్‌లో మళ్ళీ చిగురిస్తుంది. పాలకి మీగడ కట్టదు, అందుకని ఉప్పు కలపని బటర్ కొని నెయ్యి కాచుకోవాలి. బియ్యం సంగతి వేరు. జపాన్ బియ్యం ముద్దముద్దగా ఉంటుంది, పప్పన్నానికి అలవాటు పడ్డాం కానీ పఖాళకి, అంటే నీళ్ళలో నానేసే చద్దన్నానికి, పనికిరాదు, తెల్లారేసరికి జావ అయిపోతుంది. దానికోసం సన్నబియ్యం విడిగా తెచ్చుకుంటాం. పైగా అక్కడి బియ్యం ధర 2025లో ఒక్కసారిగా పెరిగి 5 కిలోల సంచి 4,000 యెన్లు దాటింది. అంతకు ముందు ఏడాది దాదాపు సగానికే వచ్చేది.

చేపలు తినే మన గంజాం జిల్లా వాళ్ళకి టోక్యో పుట్టిల్లే. గ్యాస్ పొయ్యి కిందనే చేపలు కాల్చుకోవడానికి ఒక సొరుగు ఉంటుంది. అక్కడ అందరిళ్ళల్లోనూ చేప కాలుతుంది కాబట్టి ఎండు చేప వాసనకి ఎవరూ ముఖం చిట్లించరు. నిబోషి అని ఎండబెట్టిన చిన్న చేపలు ప్యాకెట్లలో అమ్ముతారు. తలలు తుంచి, ఉల్లిపాయ, ఎండుమిర్చి వేసి వేయిస్తే గోపాలపురం ఒడ్డున కొన్న నెత్తళ్ళకి ఏమాత్రం తీసిపోవు. శాకాహారులకి మాత్రం కష్టం. చారులో, సాసులో, కూరల్లో ఎక్కడ చూసినా చేప మరిగించిన నీళ్ళే పోస్తారు. కార్తీకంలో మా ఇంట్లో నీచు ముట్టం, ఒడియావాళ్ళతో పాటు చివరి అయిదు రోజులు పంచుక కూడా పాటిస్తాం. ఆ నెల బయట తిండి పూర్తిగా మానేస్తాం.

గారెలు వేశాక మిగిలిన నూనె సింకులో పొయ్యకూడదు. దానికో పొడి అమ్ముతారు. వేడి నూనెలో కలిపి వదిలేస్తే చల్లారాక గట్టిగా, అట్టులా లేచివస్తుంది. దాన్ని కాలే చెత్తలో వేస్తాం. చెత్త గురించి విన్నవన్నీ నిజమే. కాలే చెత్త వారానికి రెండుసార్లు, సీసాలూ కాగితాలూ వారానికోసారి, కాలని చెత్త నెలకి రెండుసార్లు తీసుకెళ్తారు. ప్లాస్టిక్ సీసా అయితే మూత తీసి, లేబుల్ చింపి, కడిగి, నొక్కి పెట్టాలి. కాకులు చింపకుండా సంచుల మీద వల కప్పాలి. తప్పు రోజున పెడితే చీటీ అంటించి అక్కడే వదిలేస్తారు. మొదట టెన్షన్‌గా ఉంటుంది కానీ వీధి ఎందుకంత శుభ్రంగా ఉందో కొన్నాళ్ళకి అర్థమవుతుంది. ఇప్పుడు బరంపురం వస్తే పెరట్లో కూడా తడిచెత్త, పొడిచెత్త విడిగానే పెడుతున్నాను.

చలికాలం గురించి ఎవరూ ముందుగా చెప్పరు. మంచు దాదాపు పడదు, ఎండ బాగానే కాస్తుంది, కానీ ఇంటి లోపలే చలి. గోడలు పల్చన, ఇల్లంతా వెచ్చబెట్టే ఏర్పాటు ఉండదు. పొద్దున్న లేచేసరికి కిటికీ అద్దాల లోపలివైపు నీళ్ళు కారుతూ ఉంటాయి. రోజూ గుడ్డతో తుడవకపోతే బీరువా వెనక గోడకి నల్లగా బూజు పడుతుంది. వేసవి మాత్రం అచ్చం మన దగ్గరిలాగే, చెమటలు కారే ఉక్క.

భూకంపం అంటే ఇక్కడివాళ్ళకి భయం. అక్కడ బతికేవాళ్ళకి అది అలవాటు. 2021 అక్టోబరు 7 రాత్రి బాగా ఊగింది, రైళ్ళు ఆగిపోయాయి. ఫోన్‌లో భూకంప హెచ్చరిక మోగిన వెంటనే పొయ్యి ఆపి, పాపని తీసుకుని బల్ల కిందికి వెళ్ళాం. బీరువాలకి పైకప్పు దాకా ఆనించే కడ్డీలు అమ్ముతారు, మొదటి నెలలోనే బిగించుకోండి. నాకు భూకంపం కన్నా నీళ్ళ భయమే ఎక్కువ. ఎదొగావాలో దాదాపు 70 శాతం నేల, పోటు సమయంలో నీటిమట్టం కన్నా కిందే ఉంటుంది. 2019లో వార్డు ఆఫీసు ఇంటింటికీ పంచిన వరద పటం మీద, పెద్ద వరద వచ్చేటప్పుడు ఇక్కడ ఉండొద్దని మన వార్డు వైపు బాణం గీసి మరీ రాశారు. ఆ ఏడాదే అక్టోబరు 12న హగిబిస్ తుపాను వచ్చింది. 2013లో ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది కూడా అక్టోబరు 12నే, మరుసటేడు హుద్‌హుద్ విశాఖని కొట్టిందీ అదే తేదీన. ఫైలిన్ రాత్రి బరంపురంలో తలుపులకి బల్లలు అడ్డం పెట్టి కూర్చున్నవాళ్ళం మేము. అందుకే హగిబిస్ ముందురోజే తొట్టెలో నీళ్ళు నింపి, అటుకులు, బెల్లం, టార్చిలైటు, పాప మందులు ఒక సంచిలో సర్దుకున్నాం. రైళ్ళు ఎప్పుడు ఆపుతారో ముందురోజే ప్రకటించారు, వార్డులో చాలామంది బడుల్లో తలదాచుకున్నారు. మా ఫ్లోర్‌లో ఉండే మన ఢిల్లీ, పుణె పిల్లలు మా సంచి చూసి అప్పటికప్పుడు వాళ్ళూ సర్దుకున్నారు.

ఈ ఒక్క విషయంలోనే కాదు, ఇంకో విషయంలోనూ ఒడిశా సరిహద్దు తెలుగువాళ్ళకి అక్కడ ముందడుగు ఉందని గట్టిగా నమ్ముతాను. ఇంట్లో ఒక భాష, గుమ్మం దాటితే ఇంకో భాష అన్నది మనకి పుట్టుకతో వచ్చింది. నేను ఒడియా మీడియంలో చదివాను, తెలుగు అక్షరాలు అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నాను. బజారులో ఒడియా, ఇంట్లో తెలుగు అనేసరికి ఏదీ పోదు. అదే పద్ధతి టోక్యోలోనూ పనికొచ్చింది. వార్డులో వాలంటీర్లు నడిపే జపనీస్ క్లాసులు చాలా చవక. హిరగానా, కతకానా అనే రెండు లిపుల్లో చెరో 46 అక్షరాలు, మన గుణింతాలు నేర్చినవాళ్ళకి అవి పెద్ద లెక్క కాదు. చైనా నుంచి వచ్చిన కంజీ అక్షరాలతోనే అసలు పని. ప్రాథమిక బడి ఆరేళ్ళలో పిల్లలకి 1,026 కంజీలు నేర్పుతారు. నేను పాపతో పాటే కూర్చుని నేర్చుకున్నాను. నిషికసాయ్‌లో మనవాళ్ళ మధ్యే తిరుగుతూ ఏళ్ళ తరబడి ఒక్క వాక్యం రాకుండా గడిపేవాళ్ళని చూశాను. డాక్టరుకి నొప్పి ఎక్కడో చెప్పుకోలేక పడే బాధ వాళ్ళకే తెలుసు. మొదటి ఏడాది మనవాళ్ళ దగ్గర ఉండండి, ఆ తర్వాత జపాన్ వాళ్ళుండే వీధిలోకి వెళ్ళండి.

మాకు వీధి పరిచయమైంది బడి వల్ల, పక్కింటి పెద్దావిడ వల్ల. బడిలో పిల్లలే అన్నం వడ్డిస్తారు, పిల్లలే గది తుడుస్తారు. నెల ముందే భోజనాల కాగితం ఇస్తారు, ఏ వంటలో ఏముందో అన్నీ రాసి ఉంటాయి. గొడ్డుమాంసం ఉన్న రోజులకి గుర్తు పెట్టుకుని, ఆ రోజు ఇంటి డబ్బా పంపేదాన్ని. టీచరు ఏనాడూ కాదనలేదు. పక్కింటావిడ వేసవిలో బాల్కనీకి వల కట్టి కాకర తీగ పాకిస్తారు, నీడకోసం. ఆగస్టులో నాలుగు కాయలు సంచిలో వేసి మా తలుపుకి తగిలించి వెళ్ళేవారు. నేను బెల్లం పెట్టి కాకరకాయ పులుసు చేసి పట్టుకెళ్ళాను. అప్పటి నుంచి పండగ వస్తే ఆవిడకీ ఒక గిన్నె ఉంటుంది. అలాగని చెప్పకుండా ఎవరింటికీ ఎవరూ రారు. మధ్యాహ్నం పూట తలుపు తీసి పెట్టుకుని కూర్చునే బరంపురం అలవాటుకి అది చాలా వెలితి.

డబ్బు సంగతి రెండు ముక్కలు. స్థానిక పన్ను క్రితం ఏడాది ఆదాయం మీద లెక్కకట్టి, రెండో ఏడాది జూన్ నుంచి జీతంలో కోస్తారు. దాదాపు 10 శాతం. మొదటి ఏడాది చేతికొచ్చింది చూసి ఇక్కడ లోన్లు తీసుకోవద్దు. 2020లో 100 యెన్లు పంపితే 70 రూపాయల దగ్గర వచ్చేది, 2024లో 55 దగ్గరికి పడింది. భర్త వీసా మీద వెళ్ళిన ఆడవాళ్ళు అనుమతి తీసుకుంటే వారానికి 28 గంటలు పని చెయ్యొచ్చు. సామాన్లో మాంసం పచ్చళ్ళు, సర్టిఫికెట్ లేని పళ్ళూ ఆకులూ పెట్టొద్దు. సూడోఎఫెడ్రిన్ 10 శాతం మించిన జలుబు మందులు అసలే వద్దు, అక్కడ నిషేధం.

అసలు బాధ అమ్మానాన్నల దగ్గరే. టైము తేడా మూడున్నర గంటలే, రోజూ మాట్లాడుకోవచ్చు, అమెరికా వాళ్ళకి ఆ భాగ్యం లేదు. కానీ తల్లిదండ్రులకి మామూలుగా దొరికేది 90 రోజుల విజిటర్ వీసా. వచ్చి మాతోనే ఉండిపోయే దారి మాలాంటి మామూలు ఉద్యోగస్తులకి లేదు. నాన్నకి ఆపరేషన్ అయినప్పుడు టోక్యో నుంచి ఢిల్లీ, ఢిల్లీ నుంచి భువనేశ్వర్, అక్కడి నుంచి 170 కిలోమీటర్లు రోడ్డు మీద. చేరేసరికి నాన్న కళ్ళు తెరిచి మాట్లాడుతున్నారు. తమ్ముడు బరంపురంలోనే ఉన్నాడు కాబట్టి అంతా వాడే చూసుకున్నాడు. మీరు ఒక్కరే సంతానమైతే, ఈ విషయం ఇంట్లో కూర్చుని మాట్లాడుకోకుండా ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టొద్దు.

మాకైతే పర్మనెంట్ రెసిడెన్సీకి కావలసిన పదేళ్ళ షరతు 2026తో తీరుతుంది. పన్నులు, పింఛను గడువులోగా కట్టారా లేదా అని అందులో చాలా కచ్చితంగా చూస్తారు. కాబట్టి ఉండాలో వద్దో తర్వాత తేల్చుకోవచ్చు, ఆ రశీదులు మాత్రం మొదటి నెల నుంచే ఒక ఫైల్లో పెట్టుకోండి.