ట్యాబ్ కంప్లీషన్‌కి బాష్ మేలా, జెడ్ షెల్ మేలా?

విజయవాడలో లైనక్స్ నేర్చుకునే మన పిల్లలు తరచూ అడిగేది ఇదే, సొంతంగా రాసుకున్న స్క్రిప్టుకి కూడా ట్యాబ్ కొడితే పేర్లు రావాలంటే బాష్‌లోనే ఉండాలా, జెడ్ షెల్‌కి మారాలా అని. ఈ రెండూ షెల్‌లు, అంటే టెర్మినల్లో మనం కొట్టే కమాండ్లను నడిపే ప్రోగ్రాములు. సగం పదం కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది షెల్లే పూర్తి చేయడమే ట్యాబ్ కంప్లీషన్.

ఖర్చు: రెండూ ఫ్రీనే.

బాష్‌లో శ్రమ: చాలా తక్కువ. మీ స్క్రిప్టు పేరు లెక్క అనుకోండి. బాష్‌ఆర్‌సీ ఫైల్లో (బాష్ తెరవగానే చదివే సెట్టింగుల ఫైలు) కంప్లీట్ అని రాసి, హైఫన్ క్యాపిటల్ డబ్ల్యూ పెట్టి, కోట్స్‌లో గుంటూరు తెనాలి మంగళగిరి అనిచ్చి, చివర లెక్క అంటే చాలు. కొత్త టెర్మినల్ తెరిచి "లెక్క తె" కొట్టి ట్యాబ్ నొక్కండి, తెనాలి వచ్చేస్తుంది. ముందు పదాన్ని బట్టి తర్వాతది మారాలంటే మాత్రం ఫంక్షన్ రాసి కాంప్‌రిప్లై అర్రే (ట్యాబ్ కొడితే చూపాల్సిన పదాల జాబితా) నింపాలి, అక్కడే తలనొప్పి.

జెడ్ షెల్‌లో శ్రమ: కాంప్‌ఇనిట్ (కంప్లీషన్‌ని ఆన్ చేసే కమాండ్) నడపాలి, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే ఫైలు ఎఫ్‌పాత్‌లో (ఇలాంటి ఫైళ్ల కోసం జెడ్ షెల్ వెతికే ఫోల్డర్లు) పెట్టాలి, మొదట్లో విసుగే. కానీ ఆప్షన్ పక్కనే అదేం చేస్తుందో వివరణ కూడా చూపించొచ్చు, నాకైతే ఇది చాలా ఇష్టం.

రిస్క్: మ్యాక్‌తో వచ్చే బాష్ పాత 3.2, కొత్త బాష్ కంప్లీషన్ ప్యాకేజీ (రెడీమేడ్ కంప్లీషన్ల మూట) దాని మీద నడవదు. 2019లో మ్యాక్ఓఎస్ కాటలీనా వెర్షన్ నుంచి అక్కడ డిఫాల్ట్ జెడ్ షెల్లే.

ఉబుంటు ల్యాబు, ఆఫీసు సర్వర్లు అయితే బాష్‌లోనే ఉండండి. సొంత ల్యాప్‌టాప్‌లో రోజంతా టెర్మినలే అయితే జెడ్ షెల్ తీసుకోండి, బాష్‌కాంప్‌ఇనిట్ అనే కమాండ్ పెడితే పాత బాష్ కంప్లీషన్లు కూడా చాలావరకు అక్కడ పనిచేస్తాయి.