పంజరం ఫీడర్: పావురాలు ఆగాయి, ఉడుతలు ఆగలేదు

ముందే చెప్పేస్తాను. పిట్టలకి గింజలు పెట్టే ఈ ఫీడర్ పావురాల్ని ఆపుతుంది, ఉడుతల్ని ఆపదు. అట్టపెట్టె మీద మాత్రం ఉడుత బొమ్మకి అడ్డంగా ఎర్ర గీత ఉంటుంది. కొని రెండేళ్ళు దాటింది. ఎండల్లోనూ వానల్లోనూ బయటే ఉంది కాబట్టి దీని బలమేమిటో, బలహీనతేమిటో తెలిసొచ్చాయి.

వస్తువు ఇదీ: నిలువుగా ఒక ప్లాస్టిక్ గొట్టం, దానికి గింజలు అందే నాలుగు కంతలు, ఒక్కో కంత దగ్గర పిట్ట కూర్చోవడానికి చిన్న పుల్ల. చుట్టూ రంగు పూసిన ఇనప తీగల పంజరం. గళ్ళు సుమారు 4 సెంటీమీటర్లు. పిచ్చుకలు, జీనువాయిలు (మునియా అనే చిన్న పిట్టలు) గళ్ళలోంచి దూరి తింటాయి. పావురం, కాకి బయటే ఆగిపోతాయి.

మేముండేది సికింద్రాబాదులో, సైనిక్‌పురి వైపు. చిన్న పెరడు, ఒక జామచెట్టు. తెల్లారేసరికి పక్కింటి పిట్టగోడ నిండా పావురాలు. మూకుడులో గింజలు పోసే రోజుల్లో పావుగంటలో అంతా ఊడ్చేసేవి, పిచ్చుకలకి పొట్టు మిగిలేది. ఇప్పుడు పావురం వచ్చి పంజరం పట్టుకుని వేలాడబోతుంది, నిలవలేక టపటపా కొట్టుకుని దిగిపోతుంది. ఈ ఒక్క పనికీ పూర్తి మార్కులు. పావురాల మీద నాకేం పగ లేదు. కానీ వాటి రెట్ట ఎండి దుమ్మై ఊపిరితిత్తుల్లోకి పోతే జబ్బు చేస్తుంది, ఇంట్లో ఉబ్బసం ఉన్న మనిషి ఉన్నారు.

ఇక ఉడుత సంగతి. ఈ రకం పంజరాలు అమెరికా, ఇంగ్లండుల్లో తిరిగే బూడిదరంగు ఉడుతని దృష్టిలో పెట్టుకుని చేసినవి. అది ఇంచుమించు అరకిలో తూగుతుంది, ఈ గళ్ళలో పట్టదు. మన చారల ఉడుత నూరు గ్రాములు, కాస్త అటూ ఇటూ. దర్జాగా లోపలికి దూరి, కాకి భయం కూడా లేకుండా కూర్చుని తింటుంది. అమ్మేవాళ్ళకి ఇది తెలియదనుకోను.

బరువు పడితే కంత మూసుకుపోయే స్ప్రింగు ఫీడర్ కొనొచ్చుగా అంటారు. మా తోడల్లుడి ఇంట్లో అదే ఉంది. చిక్కెక్కడంటే, రామచిలుక కూడా దాదాపు మన ఉడుతంతే తూగుతుంది. ఉడుతకి మూసుకునేలా బిగిస్తే చిలకకీ మూసుకుంటుంది, చిలక కోసం వదులు చేస్తే ఉడుతకి పండగే. ముప్ఫై గ్రాములు దాటని పిచ్చుకలే చాలనుకునేవాళ్ళకి అది పనికొస్తుంది. అయితే పంజరం వల్ల నాకూ చిలకలు రావు, వాటికి జామచెట్టే దిక్కు.

నిజంగా పనిచేసింది స్తంభం. ఫీడర్‌ని జామకొమ్మ మీంచి దించి, చెట్టుకీ గోడకీ పదేసి అడుగుల ఎడంలో ఒక జీఐ (జింకు పూత ఉన్న ఇనప) పైపు పాతించి, దాని కొక్కేనికి తగిలించాను. పైపు మీద, నేలకి నాలుగున్నర అడుగుల ఎత్తున, వెల్డింగు షాపులో చేయించిన రేకు గరాటు బోర్లించి బిగించాను. అంచు పైపుకి జానెడు దూరం ఉండాలి. ఉడుత పైపు ఎక్కి గరాటు లోపలికి చేరుతుంది, అక్కడ పైకి దారి ఉండదు, దిగి వెళ్ళిపోతుంది. ఎలుకలకీ ఇదే అడ్డు. రేకుకీ కూలికీ కలిపి ఫీడర్ ఖరీదు కంటే ఎక్కువే అయింది. అయినా మొత్తం ఏర్పాటులో ప్రాణం అదే.

పైపుకి గ్రీజో ఆముదమో పూయమని సలహా ఇచ్చేవాళ్ళు చాలామంది. దయచేసి ఆ పని చేయకండి. పిట్ట ఈకలకి జిడ్డు అంటితే తడి లోపలికి దిగుతుంది, ఎగరడం కష్టమవుతుంది. ముక్కుతో దులుపుకోబోయి ఆ జిడ్డునే మింగుతుంది. జిగురు అట్టలైతే మరీ ఘోరం. ఎలుక కంటే ముందు బల్లీ పిచ్చుకా చిక్కుతాయి.

కారం కలపడం మాత్రం ఉత్త చిట్కా కాదు. మిరపలో మంట పుట్టించే పదార్థం ఉడుత, ఎలుక, మనిషి నోళ్ళకే తెలుస్తుంది, పిట్టలకి తెలియదు. చిలక పచ్చిమిరపకాయ తినడం మనం చూస్తూనే ఉన్నాం. మిరపమొక్కకీ కావలసింది అదే, పిట్టలైతే గింజల్ని నమలకుండా మింగి దూరంగా రెట్టలో వేస్తాయి. గింజలకి కారం పట్టించినన్నాళ్ళూ ఉడుతలు తగ్గాయి. కానీ పొడి గాలికి లేచి నా కళ్ళలోనే పడేది, పిట్టల కళ్ళలో మాత్రం పడదా? వానకి గింజల్లోంచి కడుక్కుపోయేది కూడా. స్తంభం వచ్చాక మానేశాను.

చీమలకి మన వంటింటి పద్ధతే: చక్కెర డబ్బాని నీళ్ళ పళ్ళెంలో పెట్టినట్టు, ఫీడర్ వేలాడే తీగ నడుమ నీళ్ళు నింపిన చిన్న గిన్నె. మే నెలలో సాయంత్రానికల్లా ఎండిపోతుంది, రోజూ నింపాలి. వానాకాలంలో నీళ్ళు వారానికి రెండుసార్లయినా పారబోయకపోతే దోమపిల్లలు తయారవుతాయి. చీమలమందు పొడి, సుద్దముక్క గీతలు పురుగుమందులే, గింజల దరిదాపుల్లోకి రానివ్వొద్దు. ఎలుకలమందు సంగతీ అంతే, మందు తిన్న ఎలుకని పట్టి తిన్న గుడ్లగూబ కూడా చావొచ్చు.

అసలు ఎలుకల్ని పిలిచేది కింద రాలిన గింజ. అందుకే సాయంత్రానికి అయిపోయేంతే పోస్తాను, చీకటి పడకముందే కింద ఊడుస్తాను. కొర్రలు, కాసిన్ని వడ్లు, అంతే. పొద్దుతిరుగుడు గింజలు, వేరుశనగపప్పు, మొక్కజొన్న కలిసిన రెడీమేడ్ పొట్లం మానేశాక ఉడుతలకి సగం ఆసక్తి పోయింది. జీనువాయిలకి కొర్రలే ఇష్టం.

మొదట్లో పిచ్చుకలు పంజరాన్ని చూసి దగ్గరకి రాలేదు. సంక్రాంతికి ఊరి నుంచి తెచ్చిన వరికంకుల కుచ్చుని పంజరానికి కట్టాను. కంకులకి అలవాటు పడ్డాక లోపలికి దూరడం నేర్చుకున్నాయి. కొత్తగా కొన్నవాళ్ళు ఇది చేసి చూడండి.

లోపాలున్నాయి. గొట్టం అడుగు ఊడదు. వానల్లో కింది గింజలు ముద్దకట్టి బూజు పడితే సీసాలు కడిగే పొడుగు బ్రష్షుతో గీకాల్సిందే. బూజు గింజ పిట్టలకి జబ్బు తెస్తుంది, కాబట్టి బద్ధకిస్తే కుదరదు. ఎండకి ప్లాస్టిక్ మసకబారింది, తీగల రంగు లేచి తుప్పు మొదలైంది. కోతుల గుంపు వచ్చిన రోజు ఏ ఏర్పాటూ పనిచేయదు, ఫీడర్ ఇంట్లోకి తెచ్చుకోవడమే.

పావురాల బెడదే మీ సమస్య అయితే కొనండి, అడుగు ఊడదీయగలిగిన మోడల్ చూసుకుని. ఉడుతలే సమస్య అయితే ఆ డబ్బు ముందు పైపుకీ గరాటుకీ పెట్టండి, దాని మీద మామూలు ఫీడర్ వేలాడదీసినా సరిపోతుంది.