కొండవీడు: మెట్ల దారిలో ఎక్కి, ఘాట్ రోడ్డులో దిగి

కార్తీకంలో రెండు రోజులు సెలవు దొరికితే నాన్నని ఎక్కడికైనా కొండకి తీసుకెళ్లాలనుకున్నాను. ఆయనకు అరవై నాలుగేళ్లు, తెలుగు మాస్టారుగా రిటైరయ్యారు. రోజూ తెల్లారేసరికి ప్రకాశం బ్యారేజీ మీద ఆ చివరి దాకా వెళ్లి వస్తారు కాబట్టి నడకకి భయం లేదు. ఎడమ మోకాలు మాత్రం దిగేటప్పుడు పట్టేస్తుంది. ఎక్కడం ఎంతైనా ఎక్కుతారు, మెట్లు దిగడమే కష్టం. మా ప్రయాణం మొత్తం ఈ ఒక్క సంగతి మీదే ఆధారపడింది.

విజయవాడ చుట్టూ కొండలకేం కొదవ లేదు. ఉండవల్లి గుహలు బాగుంటాయి, లోపల పడుకున్న అనంతపద్మనాభస్వామి ముందు ఎంతసేపైనా నిలబడొచ్చు, కానీ ఎక్కడం అంటూ పెద్దగా ఉండదు. మంగళగిరి పానకాలస్వామి దగ్గరికి ఎన్నోసార్లు వెళ్లాం. అక్కడ ఎక్కిన మెట్లే మళ్లీ దిగాలి, లేదంటే బండెక్కాలి. కొండపల్లి ఖిల్లా దగ్గర్లోనే ఉంది, చూసే తీరాలి కూడా. అయితే మాకు కావాల్సింది కట్టడం కన్నా నడక. కొండవీడులో పాత రాతి మెట్ల దారిలో పైకెక్కి, కోట మీద చెరువుల మధ్య తిరిగి, ఘాట్ రోడ్డు మీదుగా మెల్లగా దిగొచ్చు. వెళ్లిన దారిన తిరిగి రానక్కర్లేదు. "శ్రీనాథుడు తిరిగిన కొండ కదమ్మా, పోదాం పద" అన్నారు నాన్న. ఇంక వేరే మాట లేదు.

విజయవాడ నుంచి తెల్లవారుజామున బయల్దేరినా చేరొచ్చు. కానీ ఎండ ముదరక ముందే సగం కొండ ఎక్కాలనుకుంటే ముందు రాత్రి గుంటూరులో పడుకోవడం మేలు. మేము బస్టాండు దగ్గర్లో ఒక లాడ్జిలో ఏసీ రూము తీసుకున్నాం. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, అంతవరకు బాగానే ఉంది. పొద్దున నాలుగున్నరకి వేణ్ణీళ్లు వస్తాయని రాత్రి రెండుసార్లు అడిగి మరీ ఖాయం చేసుకున్నా, ఆ టైముకి కుళాయి తిప్పితే చన్నీళ్లే. కౌంటర్లో మనిషి లేడు. మోకాలి నొప్పి ఉన్న పెద్దాయన చన్నీళ్లు పోసుకుని కొండెక్కాల్సి రావడం నాకు బాధనిపించింది. పైగా రాత్రంతా బస్సుల హారన్లు. ఈసారి వెళ్తే బ్రాడీపేట వైపు లోపలి లైనులో తీసుకుంటాను. అక్కడి నుంచి బస్టాండుకి ఆటోలో పది నిమిషాలు పడుతుంది, కానీ నిద్ర పడుతుంది.

గుంటూరు నుంచి కొండవీడు పాతిక కిలోమీటర్ల చిల్లర. నరసరావుపేట బస్సెక్కి ఫిరంగిపురంలో దిగి, అక్కడ ఆటో మాట్లాడుకోవడం చవక. మేము గుంటూరులోనే ఆటో మాట్లాడుకున్నాం, పద్నాలుగు వందలకి, వెయిటింగుతో కలిపి. నా దృష్టిలో ఆ డబ్బు దండగ కాదు. ఎక్కేది ఒకచోట, దిగేది ఇంకోచోట అయినప్పుడు మనకోసం ఎదురుచూసే బండి ఉండాలి. ఊళ్లో దింపి, ఘాట్ రోడ్డు కింద ఉండమని డ్రైవర్‌కి ముందే చెప్పేశాం.

దారికి ఇరువైపులా పత్తి చేలు, మిరప తోటలు. పత్తి తీసే ఆడవాళ్లు అప్పటికే నడుములకి గుడ్డ సంచులు కట్టుకుని చేలో దిగారు. కోస్తా మైదానంలో ఇంత చదునైన నేల మీంచి కొండల వరస ఒక్కసారిగా లేచి నిలబడుతుంది. రెడ్డిరాజులు అద్దంకి వదిలి ఇక్కడికి ఎందుకొచ్చారో ఆటోలో కూర్చునే అర్థమైపోతుంది. అనవోతారెడ్డి పద్నాలుగో శతాబ్దంలో రాజధానిని ఇక్కడికి మార్చాడు. ఈ కొండ మీద నుంచి చూస్తే ఎటు వైపు నుంచి ఎవరొచ్చినా కనిపిస్తారు.

మెట్ల దారి మొదలు దొరకడానికి ఊళ్లో ఇద్దర్ని అడగాల్సి వచ్చింది. చక్కటి బోర్డు ఒకటి పెడితే ఎంత బాగుండేదో. కొన్నిచోట్ల మెట్లు వరసగా ఉన్నాయి, కొన్నిచోట్ల రాళ్లు కదిలిపోయి మట్టి బయటపడింది. ముళ్లకంపలు చొక్కా చేతుల్ని పట్టుకుంటాయి. ఫుల్ చేతుల చొక్కా, గట్టి అడుగున్న బూట్లు తప్పనిసరి. చెప్పులతో వచ్చిన కుర్రాళ్లు ఇద్దరు మా ముందే జారారు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు పట్టుకెళ్లండి, ఈ దారిలో మధ్యలో ఏమీ దొరకదు. నాన్న చేతికర్రతో ముందు నడిచారు, నేను వెనక. ఆగుతూ ఆగుతూ గంటన్నర పట్టింది. అలవాటున్నవాళ్లకి గంట చాలు. మరీ కష్టం కాదు, అలాగని చిన్నపిల్లల్ని వదిలేసేంత తేలికా కాదు.

కోట గోడ దాటి లోపలికి అడుగుపెట్టాక ముందు చెరువు కనిపించింది. అక్కడే గంట ఆగిపోయాం. నేను ఈ ప్రయాణంలో చూసినవాటిలో గొప్పది ఆ నీరే. కొండ నెత్తిన మూడు చెరువులున్నాయి: పుట్టలమ్మ, ముత్యాలమ్మ, వెదుళ్ల చెరువు. నది లేదు, కింద నుంచి నీళ్లు మోసే దారి లేదు. కొండ మీద పడ్డ వాననే వాలు చూసి మళ్లించి పట్టుకున్నారు. మేకలు కాసే పెద్దాయన ఒకాయన చెరువు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నాన్న "ఏం బాబాయ్, ఎండాకాలం కూడా ఉంటాయా నీళ్లు?" అని పలకరించారు.

"ఒకటి నిండితే అలుగు పారి ఇంకోదాన్లోకి పోద్ది మాస్టారూ. వాన మంచిగా పడితే మేకలకి ఢోకా లేదు."

మాస్టారని ఎలా కనిపెట్టాడో తెలియదు. గట్టు రాళ్లని దగ్గరగా చూశాను. రాయికి రాయికి మధ్య వేలు కూడా దూరడం లేదు. నీటి అంచున ఉన్న రాళ్లు మాత్రం నునుపు తేలి, చేత్తో తడిమితే అరిగిన సన్నికల్లులా తగిలాయి. ఎన్ని వందల ఏళ్లుగా ఎన్ని కడవలు అక్కడ ఒరిగి ఉంటాయో. నాన్న ఆ రాయి మీదే కూర్చుని, పెదకోమటి వేమారెడ్డి కొలువులో శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్న రోజుల గురించి చెబుతూ పోయారు. క్లాసులో విన్న పాఠమే, కానీ ఈ నీళ్ల పక్కన కూర్చుని వింటే నాకు కొత్తగా అనిపించింది. శ్రీకృష్ణదేవరాయలు 1515లో ఈ కోటను గజపతుల నుంచి గెలుచుకున్నాడు. తర్వాత గోల్కొండ వాళ్లు, ఫ్రెంచివాళ్లు, ఇంగ్లీషువాళ్లు. గోడలు ఎవరి చేతికి వెళ్లినా తాగింది మాత్రం ఈ చెరువుల నీళ్లే కదమ్మా అన్నారు నాన్న.

గుళ్లు, మసీదు, కూలిన గోడలు, ధాన్యం దాచిన గది చూసుకుంటూ తిరిగాం. కొన్ని కట్టడాల మీద పేర్లు చెక్కేశారు. మేకుతో గీసిన ఆ పేర్లు చూస్తే కడుపు రగిలిపోయింది. కోట చూడ్డానికి వచ్చేవాళ్లు దయచేసి ఆ పని చేయకండి.

అటవీ శాఖ పెంచిన నగరవనం కొండ మీదకి వచ్చే కుటుంబాలకి బాగుంటుంది. చెట్ల నీడ ఉంది, కూర్చోవడానికి చోటుంది. టాయిలెట్ కూడా ఉంది, ఆడవాళ్లకి అది పెద్ద ధైర్యం. ఆదివారం మధ్యాహ్నానికి బాగా రద్దీ అవుతుంది, ప్లాస్టిక్ ప్లేట్లు అక్కడక్కడా పడి ఉన్నాయి. మేము తెచ్చుకున్న పులిహోర అక్కడే తిన్నాం. కోతులున్నాయి, సంచి ఒళ్లో పెట్టుకోండి. కొండ మీద దొరికేవి బిస్కెట్లు, వాటర్ బాటిళ్లు లాంటివే, కాబట్టి భోజనం మీరే తెచ్చుకోవడం నయం.

ఘాట్ రోడ్డు దిగడం నాన్నకి హాయిగా సాగింది. తారు రోడ్డు, మెల్లటి వాలు. మలుపు మలుపుకీ కింద పొలాల గళ్లు కొత్తగా కనిపిస్తాయి. బండ్లు వెనకనుంచి వేగంగా వస్తాయి, కాబట్టి కొండ వైపు అంచునే నడవాలి. కుర్ర బైకుల హడావుడి ఒక్కటే చిరాకు. మోకాలు ఎలా ఉందని ప్రతి మలుపు దగ్గరా అడిగాను. చివరికి "అది బానే ఉందిగానీ నువ్వు అడగడం ఆపమ్మా" అన్నారు.

కింద ఆటో చెప్పినచోటే ఉంది. తిరిగొచ్చేటప్పుడు కొండ దిగువన గోపీనాథస్వామి గుడికి వెళ్లాం. కత్తుల బావి అని పిలిచేది ఇక్కడే. ఇక్కడే రెడ్డి దొరల్ని మోసంతో చంపారన్న కథ ఊళ్లో అందరికీ తెలుసు. గుడి లోపల చల్లగా, స్తంభాల మధ్య చీకటిగా ఉంటుంది. కొండెక్కలేని పెద్దవాళ్లని తీసుకెళ్తే ఈ గుడి, కారులో ఘాట్ రోడ్డు, నగరవనం చాలు, మెట్ల జోలికి పోనక్కర్లేదు. నడవగలిగినవాళ్లు మాత్రం మెట్లే ఎక్కండి. రోడ్డు మీద పైకెళ్తే కోట ఎంత ఎత్తులో ఉందో కాళ్లకి తెలియదు.

ఫిరంగిపురం రోడ్డు మీద సీతాఫలాల గంపలు కనిపిస్తే ఆపించాను. సీజను చివరికొచ్చింది, కాయలు చిన్నవే. అమ్మే ఆమె ఒక్కో కాయనీ బొటనవేలితో నొక్కి చూసి మూడు కుప్పలు పెట్టింది: ఇవి ఇవాళే తినాలి, ఇవి రేపటికి, ఇవి ఎల్లుండికి. విజయవాడలో ఆమె చెప్పిన రోజుకే ఆ కాయలు విచ్చుకున్నాయి.