బంగారం స్కీములో నెలనెలా కడుతున్నారా? ‘శుభవార్త’ మెసేజ్ వస్తే వెంటనే పాస్‌బుక్ తీసి చూసుకోండి

హనుమకొండ, వరంగల్, కాజీపేట వైపు నగల షోరూముల్లో నెలనెలా పైసలు కట్టేవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. నాకు జరిగింది ఇంకొకరికి జరగొద్దనే రాస్తున్నాను.

మా అక్క బిడ్డ పెళ్లి ఉంది. మేనమామగా కమ్మలు నేనే పెట్టాలి. ఒకేసారి అంత డబ్బు తీయలేనని 2025 జనవరిలో హనుమకొండలోని ఒక పెద్ద షోరూంలో నెలకు 5,000 చొప్పున పదకొండు నెలల స్కీములో చేరాను. కట్టిన రోజు రేటుకు ఎన్ని గ్రాములు వస్తే అన్ని గ్రాములు మీ పేరు మీద జమ, తర్వాత ధర ఎంత పెరిగినా ఆ గ్రాములు మీవే అని చెప్పారు, పాస్‌బుక్‌లో కూడా ప్రతి కిస్తీ పక్కన గ్రాములు రాసిచ్చారు. నేను చేరిందే దాని కోసం.

మే నెలకల్లా ఐదు కిస్తీలు కట్టాను, మూడు గ్రాముల పైనే జమ అయింది. జూన్‌లో మెసేజ్ వచ్చింది. శుభవార్త, కస్టమర్ల కోరిక మేరకు మీ పథకం ఇంకా సౌకర్యంగా మారింది, ఇకనుంచి మీ సొమ్ముతో బంగారమే కాదు, వెండి, వజ్రాల నగలు కూడా కొనుక్కోవచ్చు, తరుగులో 10 శాతం వరకు మినహాయింపు కూడా ఉంది అని. మేమేమీ అడగలేదు, కానీ చదివితే మంచిగానే అనిపించింది. మా ఆవిడ అయితే పిల్లకు పట్టీలు కూడా తీసుకోవచ్చు అని సంతోషపడింది. గ్రాముల గురించి ఆ మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు.

డిసెంబరులో కమ్మలు తీసుకుందామని పోతే, కంప్యూటర్‌లో గ్రాముల లెక్కే లేదు. 55,000 రూపాయలు అని మాత్రమే ఉంది. వెండి, వజ్రాలు కూడా కొనుక్కునేలా మార్చాం కదా సార్, అందుకని అందరి ఖాతాలూ రూపాయల్లోకి మారాయి, ఇవాళ్టి రేటుకే ఇస్తాం అన్నారు. జనవరిలో 22 క్యారెట్ల గ్రాము ఏడు వేల పైచిలుకు ఉండేది, సంవత్సరం చివరికి పదకొండు వేలు దాటిపోయింది. పాత పద్ధతిలో నాకు ఆరు గ్రాముల పైన రావాలి. ఇప్పుడు ఐదు గ్రాములు కూడా రాలేదు. మే నాటికే జమ అయిన మూడు గ్రాములు కూడా రెండు గ్రాములకు దిగిపోయాయి, అదే నాకు ఎక్కువ బాధ.

ఇందులో లాభం ఎవరికో చూడండి. ధర పెరిగేకొద్దీ గ్రాముల్లో బాకీ ఉన్న షాపుకు నష్టం. ఆ నష్టాన్ని మన మీదికి తోసేసి, దానికి సౌకర్యం అని పేరు పెట్టారు.

తరుగు మినహాయింపు సంగతి కూడా చెప్తాను. కమ్మల మీద తరుగు 16 శాతం వేశారు, 10 పోతే 6. కానీ స్కీములో లేని ఒకాయన పక్క కౌంటర్‌లో అవే కమ్మలు బేరం చేసి 8 శాతానికి తీసుకున్నాడు, స్కీములో ఉన్నవాళ్లకు బేరం లేదట. అంటే పదకొండు నెలలు వాళ్ల దగ్గర పైసలు పెట్టినందుకు నాకు మిగిలింది 2 శాతం, 55,000 మీద లెక్కేస్తే 1,100 రూపాయలు. పోయింది ఒక గ్రాము కంటే ఎక్కువ.

మేనేజర్‌ను అడిగితే మెసేజ్ పంపినప్పుడు మీరు అభ్యంతరం చెప్పలేదు కదా అన్నాడు. చెప్పని విషయానికి ఎవరైనా అభ్యంతరం ఎట్లా చెప్తారు? పెళ్లి దగ్గర పడిందని కమ్మలు తీసుకున్నాను గానీ, మిగతా గ్రాములు వదులుకోలేదని బిల్లు మీదే రాసి సంతకం పెట్టాను. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. వాళ్లతో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతాను, 5 లక్షల లోపు కొనుగోళ్లకు అక్కడ ఫీజు ఏమీ లేదు, లాయరు లేకుండా మనమే వేసుకోవచ్చు. ఇవి బ్యాంకు డిపాజిట్లు కావు, బ్యాంకులో ఉన్నట్టు ఇన్సూరెన్స్ కూడా ఉండదు, కాబట్టి మన దగ్గరున్న కాగితమే మనకు ఆధారం. నాకు చేతిరాత పాస్‌బుక్ ఉంది కాబట్టి మాట్లాడగలుగుతున్నాను.

స్కీములో ఉన్నవాళ్లు ఇవాళే యాప్ తెరిచి గ్రాములు కనిపిస్తున్నాయా, రూపాయలు కనిపిస్తున్నాయా చూసుకోండి, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. చేరిన రోజు ఇచ్చిన కార్డు పారేయకండి. పథకం మారిందని మెసేజ్ వస్తే, నాకు పాత షరతులే కావాలి, ఇప్పటిదాకా జమ అయిన గ్రాములు ఎన్నో రాసివ్వండి అని మెయిల్ పెట్టండి, నోటిమాటగా అడిగితే లాభం లేదు. జూన్‌లో ఇలాంటి మెసేజే వచ్చినవాళ్లు ఉంటే కామెంట్‌లో చెప్పండి, నలుగురం కలిసి ఫిర్యాదు ఇద్దాం.