కామా మీట, చుక్క మీట: వీడియో పాఠాలతో అనుపాతం నేర్చుకోవడంపై సమీక్ష

యూట్యూబులో వీడియోను ఆపి ఉంచి, కంప్యూటరు కీబోర్డు మీద చుక్క మీట నొక్కితే బొమ్మ ఒక్క ఫ్రేము, అంటే వీడియోలోని ఒక్క నిశ్చల చిత్రం, ముందుకు జరుగుతుంది. కామా మీట నొక్కితే ఒక్క ఫ్రేము వెనక్కి వస్తుంది. భౌతికశాస్త్రంలో అనుపాతాన్ని వీడియో పాఠాలతో నేర్చుకోవచ్చా అని నన్ను ఎవరు అడిగినా ముందుగా చెప్పేది ఈ రెండు మీటల గురించే. 2020లో బడులు మూతపడ్డప్పటి నుంచి, ఒడిశాలోని గుణుపురంలో మా ఇంటి దగ్గర చదువుకోవడానికి వచ్చే పిల్లలతో కలిసి ఈ పాఠాలు చూస్తున్నాను. ఉచితంగా దొరికేవీ చూశాను, డబ్బు కట్టి తీసుకున్నవీ చూశాను. బోధకుల మాటతీరు, బోర్డు మీది దస్తూరి, పాఠాల నిడివి, చందా ధరలు ఇప్పటికే అందరికీ తెలుసు కాబట్టి వాటి జోలికి పోను.

మా దగ్గరికి వచ్చేవాళ్లకు ఇంట్లో తెలుగు, పదో తరగతి దాకా బడిలో ఒడియా, ప్లస్ టూ సైన్సులో చేరితే ఇంగ్లీషు పుస్తకాలు. తెలుగు వీడియోలు ఆంధ్ర, తెలంగాణ ఇంటర్మీడియట్ పాఠ్యక్రమాన్ని బట్టి తయారవుతాయి కనుక అధ్యాయాల వరుస మాకు కలవదు. అయినా భౌతికశాస్త్రాన్ని ఇంటి భాషలో వినగానే పిల్లల్లో బెరుకు పోవడం చూసి, మొదటి ఏడాది తెలిసిన తల్లిదండ్రులందరికీ ఆ పాఠాలే చూపించమని చెప్పాను. భాష విషయంలో ఆ మాట మీద ఇప్పటికీ నిలబడతాను. అనుపాతం విషయంలో మాత్రం అవి ఒక్కటే చాలవని ఇప్పుడు చెబుతున్నాను.

ఎందుకంటే చాలా పాఠాలు ఆ అంశాన్ని ఒకే వాక్యంతో దాటేస్తాయి: ఒకటి పెరిగితే రెండోదీ పెరగడం అనులోమానుపాతం, ఒకటి పెరిగితే రెండోది తగ్గడం విలోమానుపాతం. పది సెంటీమీటర్ల పొడవున్న స్ప్రింగుకు 100 గ్రాముల బరువు తగిలిస్తే 12 సెంటీమీటర్లు, 200 గ్రాములు తగిలిస్తే 14 సెంటీమీటర్లు అయిందనుకుందాం. బరువుతో పాటు పొడవూ పెరిగింది, కానీ బరువు రెట్టింపైతే పొడవు రెట్టింపు కాలేదు. రెట్టింపైనది సాగిన మేర మాత్రమే, 2 నుంచి 4కు. హుక్ నియమం చెప్పేదీ ఆ సాగుదల గురించే. 10 డిగ్రీల సెల్సియస్ అంటే 50 డిగ్రీల ఫారన్‌హీట్, 20 డిగ్రీలంటే 68. ఇక్కడా రెండూ పెరుగుతున్నాయి, అనుపాతం లేదు. పెరగడం వేరు, అదే నిష్పత్తిలో పెరగడం వేరు. ఖాళీలు పూరించడానికి పై వాక్యం సరిపోతుందేమో కానీ, వృత్తం వ్యాసార్థం మూడు రెట్లైతే వైశాల్యం ఎన్ని రెట్లవుతుందని అడిగితే ఆ ఒక్క వాక్యం విన్న పిల్లవాడు తొమ్మిది అనకుండా మూడు రెట్లనే చెబుతాడు. ఎందుకని అడిగితే, రెండూ పెరుగుతాయి కదా మాస్టారూ అంటాడు.

ఈ చిక్కు నా దగ్గర విడిపోయింది పాఠంతో కాదు, మాటలు దాదాపు లేని ఒక ప్రయోగ వీడియోతో. గాడి ఉన్న వాలు పట్టీ మీద ఒక ఇనుప గుండు దొర్లుతుంది. కెమెరా కదలకుండా పక్క నుంచి చూస్తూ ఉంటుంది. వీడియో మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే వివరాల్లో సెకనుకు ఎన్ని ఫ్రేములో కనబడుతుంది. ఇందులో 30 ఉన్నాయి. అంటే చుక్క మీటను 15 సార్లు నొక్కితే సరిగ్గా అర సెకను గడిచినట్టు. పుస్తకాలకు అట్ట వేసే పలచటి పారదర్శక ప్లాస్టిక్ కాగితాన్ని ల్యాప్‌టాప్ తెర మీద పరిచి, నాలుగు మూలలా టేపు అంటించి, ప్రతి పదిహేను ఫ్రేములకు ఒకసారి గుండు ముందు అంచు ఎక్కడుందో స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టించాను. గుండు వేగం పుంజుకున్న కొద్దీ ఫ్రేములో కాస్త చెదిరి, సాగినట్టు కనబడుతుంది కాబట్టి ఎప్పుడూ ముందు అంచునే పట్టుకోవాలి, ఒకసారి ముందు అంచు, ఒకసారి మధ్య భాగం అంటే కుదరదు. మొదటి ఫ్రేము ఏదో తేల్చడం మరీ కష్టం. చెయ్యి వదిలిన తర్వాత గుండు కదిలినట్టు కంటికి కనబడేసరికే మూడు నాలుగు ఫ్రేములు దాటిపోతాయి. అందుకని కదలిక కనబడ్డ ఫ్రేమును కాక, వేళ్లు విడిపోయిన ఫ్రేమునే సున్నాగా పెట్టుకున్నాం.

తర్వాత ప్లాస్టిక్ కాగితాన్ని తీసి, బల్ల మీద పెట్టి, మొదటి చుక్క నుంచి స్కేలుతో కొలిచారు. అర సెకనుకు 0.9 సెంటీమీటర్లు, సెకనుకు 3.6, ఒకటిన్నర సెకన్లకు 8.2, రెండు సెకన్లకు 14.3. అర సెకను దూరంతో మిగతావాటిని భాగించమన్నాను. నాలుగు వచ్చింది, తొమ్మిదికి కాస్త ఎక్కువ వచ్చింది, పదహారుకు కాస్త తక్కువ వచ్చింది. చుక్కకూ చుక్కకూ మధ్య ఎడాలను కొలిచిన పిల్లవాడికి 0.9, 2.7, 4.6, 6.1 వచ్చాయి, అంటే ఇంచుమించు ఒకటి, మూడు, ఐదు, ఏడు. గెలీలియో 1638లో అచ్చువేయించిన గ్రంథంలో చెప్పిన బేసి సంఖ్యల వరుస ఇదే. ఆయనకు సెకన్లు లెక్కపెట్టే గడియారం లేదు. పాత్ర నుంచి సన్నని గొట్టం గుండా కారిన నీటిని తూచి కాలాన్ని కొలిచాడు. గుణుపురంలో పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న పిల్లలు అదే ఫలితాన్ని తమ స్కేలు మీద చదువుకున్నారంటే, ఈ మీటల మీద నాకింత అభిమానం ఎందుకో పాఠకులకు అర్థమవుతుంది. దూరాన్ని కాలవర్గంతో భాగిస్తే నాలుగు చోట్లా 3.6కు అటూ ఇటూగానే వచ్చింది. అనుపాత స్థిరాంకం అనే మాటను అంతకు ముందు వాళ్లు ఎన్నో పాఠాల్లో విన్నారు, కానీ అది తమ కాగితం మీద నాలుగు వరుసల్లో ఒకే సంఖ్యగా కనబడటం అదే మొదలు.

అసలు విషయం ఆ తర్వాత వచ్చింది. ప్లస్ టూ మొదటి ఏడాది చదివే ఒక అమ్మాయి, "మాస్టారూ, తెర మీది సెంటీమీటరు నిజం సెంటీమీటరు కాదు కదా, మరి ఈ లెక్క ఎలా చెల్లుతుంది?" అని అడిగింది. ఇంత మంచి ప్రశ్న ఏ వీడియో పాఠంలోనూ నాకు కనబడలేదు. జవాబు నేను చెప్పకుండా వీడియోను సగం వెడల్పుకు కుదించి, అవే ఫ్రేముల దగ్గర మళ్లీ కొలవమన్నాను. సెకనుకు 1.8, రెండు సెకన్లకు 7.2 వచ్చాయి. స్థిరాంకం 3.6 నుంచి 1.8కి పడిపోయింది, కాలం రెట్టింపైతే దూరం నాలుగు రెట్లనే సంగతి మాత్రం చెక్కుచెదరలేదు. కాలాన్ని సెకన్లలో కాక ఫ్రేముల్లోనే ఉంచి లెక్కగట్టినా స్థిరాంకమే మారింది తప్ప సంబంధం మారలేదు. కొలమానం మారితే స్థిరాంకం మారుతుంది, అనుపాతం మారదు. సూత్రంలో విలువలు వేయకుండా నిష్పత్తులతోనే లెక్కలు చేయవచ్చని పెద్ద తరగతుల్లో చెప్పే పద్ధతికి మూలం ఇదే. నిజమైన పట్టీ పొడవు ఎంతో మాకు తెలియకపోవడమే ఇక్కడ మేలు చేసింది. తెలిసి ఉంటే పిల్లలు త్వరణం విలువ కోసం సూత్రంలోకి దూకేవాళ్లు. ఆ అమ్మాయే తర్వాత లోలకం వీడియోలు తీసుకుని, 25 సెంటీమీటర్ల లోలకం ఒక పూర్తి డోలనానికి 30 ఫ్రేములు, ఒక మీటరు లోలకం 60 ఫ్రేములు తీసుకుంటున్నాయని లెక్కపెట్టి, పొడవు నాలుగు రెట్లైతే కాలం రెండే రెట్లని తనంతట తాను చెప్పింది.

ఇదే పరీక్షకు డబ్బు కట్టి తీసుకున్న ఒక పాఠం నిలవలేదు. అందులో సూర్యుని చుట్టూ రెండు గ్రహాలు తిరిగే యానిమేషన్ ఉంది. రంగులూ నునుపూ చూస్తే ఎవరికైనా ముచ్చట వేస్తుంది. ఆవర్తన కాలం (ఒక చుట్టు తిరగడానికి పట్టే కాలం) వర్గం దూరపు ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుందన్న కెప్లర్ మూడో నియమం ఆ బొమ్మ కిందే పెద్ద అక్షరాలతో రాసి ఉంది. పిల్లలు అలవాటు కొద్దీ స్కేలు పెట్టారు. లోపలి కక్ష్య వ్యాసార్థం 2 సెంటీమీటర్లు, బయటిది 8. ఆ పాఠం సంస్థ వాళ్ల సొంత యాప్‌లోనే ఆడుతుంది కాబట్టి ఫ్రేముల మీటలు పనిచేయలేదు. ఫోనులోని స్టాప్‌వాచ్‌తో సరిపెట్టుకోవలసి వచ్చింది. లోపలి గ్రహం ఒక చుట్టు తిరగడానికి మూడు సెకన్లు, బయటిదానికి పన్నెండు. దూరం నాలుగు రెట్లైతే దాని ఘనం అరవై నాలుగు, దాని వర్గమూలం ఎనిమిది. బయటి గ్రహానికి ఇరవై నాలుగు సెకన్లు పట్టాలి. గురుగ్రహం లెక్క చూసినా అంతే: సూర్యుని నుంచి భూమి దూరానికి 5.2 రెట్లు, కాలం 11.86 ఏళ్లు, మొదటిదాని ఘనం, రెండోదాని వర్గం రెండూ దాదాపు 141. బొమ్మ గీసినవాళ్లు కాలాన్ని దూరానికి నేరుగా అనుపాతంలో పెట్టి, కింద మరో నియమం రాశారు. లెక్క అంతా వివరంగా రాసి పంపితే ధన్యవాదాలు చెబుతూ ఒక జవాబు వచ్చింది, బొమ్మ మాత్రం అలాగే ఉంది. ఇది చిన్న విషయమని నేను అనుకోను. పిల్లవాడు వాక్యాన్ని మరచిపోయినా బొమ్మను మరచిపోడు. అనుపాతం నేర్పడానికే గీసిన బొమ్మలో అనుపాతమే తప్పితే, ఆ పాఠంలో మిగతాదంతా ఎంత బాగున్నా దాన్ని పిల్లలకు సిఫారసు చేయలేను. అప్పటి నుంచి యానిమేషన్లతో కొలతలు చేయించడం మానేసి, నిజంగా చిత్రీకరించిన ప్రయోగాలనే వాడుతున్నాను.

నిజం వీడియోలన్నీ పనికొస్తాయని కాదు. కెమెరా ఏటవాలుగా ఉంటే దూరపు చివర ఎడాలు కుంచించుకుపోతాయి. చేతిలో పట్టుకుని తీసినదైతే నేపథ్యమే కదులుతూ ఉంటుంది. మధ్యలో స్లో మోషన్ కలిపి కూర్చినవాటిలో ఫ్రేముల లెక్కకు అర్థమే ఉండదు. ఇవన్నీ తీసేస్తే మిగిలేవి కొద్ది, వాటిలో తెలుగువి మరీ కొద్ది. తెలుగు బోధకుల్లో ఎక్కువమంది బోర్డు దగ్గరే నిలబడి చెబుతారు. అందుకే ఇంగ్లీషు, హిందీ ప్రయోగ వీడియోలను శబ్దం తీసేసి చూపిస్తూ, మాటలు నేను తెలుగులో చెబుతున్నాను. వానాకాలంలో మా ఊళ్లో సిగ్నల్ బలహీనపడితే చిత్రం నాణ్యత 144pకి దిగి గుండు మసకగా కనబడుతుంది, అంచు దొరకదు.

అన్నిటికన్నా పెద్ద లోటు, ఈ మీటలు ఫోనులో లేకపోవడం. ఫోనులో వేగాన్ని 0.25కు తగ్గించుకోవచ్చు, కానీ ఒక్కో ఫ్రేమును పట్టి ఆపడం వేలితో అయ్యే పని కాదు. మా పిల్లల్లో చాలామంది ఇళ్లలో ఉన్నది ఒక్క ఫోను, అదీ నాన్నతో పాటు పనికి పోయి సాయంత్రం ఇంటికి వస్తుంది. కాబట్టి ఇది నా ల్యాప్‌టాప్ చుట్టూ కూర్చుంటేనే జరిగే చదువు.

నా వరకు ఈ పద్ధతి చాలా బాగుంది, ఇక ముందూ వాడతాను. కానీ నా దగ్గర ఒకసారికి కూర్చునేది ఆరేడుగురు, సాయంత్రాలు తీరిక ఉంది, పాఠ్యక్రమం ఫలానా తేదీకి ముగించి తీరాలని అడిగే పైఅధికారి లేడు. అరవైమంది ఉన్న తరగతిలో ఒక్క తెర ముందు ఇది ఎలా సాగుతుందో నేను చెప్పలేను. నీట్‌కు ఆఖరి నెలల్లో ఉన్నవాళ్లకు ఇంత సమయం పెట్టమని కూడా చెప్పను. తొమ్మిది, పది తరగతుల పిల్లలుండి, ఇంట్లోనో పక్కింట్లోనో ఒక కంప్యూటరు దొరికేవాళ్లు మాత్రం, చందా కట్టే ముందు ఒక ఆదివారం వాలు పట్టీ వీడియో ఒకటి తీసుకుని, ప్లాస్టిక్ కాగితం, స్కేలు పెట్టుకుని కూర్చోండి. చందా సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.